ఖాళీగా పంపండి

హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు మొదటిసారి చూశాను ఆ అట్టపెట్టెని. సాయంత్రం ఎవరో బెల్లు కొట్టి ఇచ్చి వెళ్ళారు. విప్పితే ఒక పూట వంటకి కావలసినవన్నీ లోపల ఉన్నాయి. తరిగిన కూరముక్కలు ఒక కవరులో, కొలిచిన పప్పు ఇంకో కవరులో, నూనె వేలెడంత సీసాలో, పోపుగింజలు వేరే, రెండంటే రెండు పచ్చిమిరపకాయలకి వాటికంటూ ఒక కవరు. ఏది ముందు వెయ్యాలో, ఏది తర్వాత వెయ్యాలో బొమ్మలతో ఒక కార్డు. మా అల్లుడు ఆ కార్డు ఎదురుగా పెట్టుకుని, పరీక్ష రాసినంత శ్రద్ధగా వంట చేశాడు. ఉన్నమాట చెప్పాలంటే బాగానే ఉంది. మిరపకాయల కవరు చూసి నవ్వాను గానీ, స్టవ్వు వెలిగించడం తెలియని మనిషి చేత కూర వండించిన పెట్టెని తీసిపారేయలేకపోయాను.

ధర చెప్పాక మాత్రం మనసులోనే లెక్క వేసుకున్నాను. ఆ డబ్బుతో మా రామచంద్రపురంలో మూణ్ణాలుగు రోజులు కూరలు వస్తాయి.

"రోజూ తెప్పించుకునేది కాదులే అమ్మా, ఎప్పుడైనా" అంది మా అమ్మాయి.

ఇద్దరూ జీతాలు తెచ్చే ఇంట్లోనే అది 'ఎప్పుడైనా' అయితే, ఒక్క జీతం మీద నలుగురు బతికే ఇంటికి ఎప్పుడు అందేటట్టు? బస్సులో వస్తూ కూడా అదే ఆలోచించాను. నాకు అన్నిటికీ ధర కట్టే గుణం ఉంది. మా ఆయన దీన్ని జబ్బు అంటారు.

ఊరికి వచ్చాక ఈ కథంతా అక్కయ్యకి చెప్పాను. అక్కయ్య అంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. మాది ఒకే ఇల్లు. కింద వాళ్ళు, మేడ మీద మేము. అత్తగారు పోయాక పొయ్యిలు వేరయ్యాయి గానీ, కింద ఏం ఉడుకుతోందో మాకు పైకి వాసనలోనే తెలిసిపోతూ ఉంటుంది. నవ్వించాలని ఆ మిరపకాయల కవరు సంగతి కాస్త ఉప్పూకారం వేసి మరీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"కరివేపాకు ఎలా పెట్టారు? రెబ్బతోనా, దూసి పెట్టారా?" అంది.

"రెబ్బతోనే అక్కయ్యా."

"తడి మీద ఉందా, ఆరిందా?"

"నేనంత చూడలేదు."

"అది చూడాలి కదే" అని నన్నే కోప్పడింది. "చింతపండు ఉండ పెట్టారా, పులుసు తీసి పెట్టారా?"

అది చింతపండు వేసే వంట కాదని చెప్పాను. "అయితే మనవాళ్ళకి పనికిరాదు" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆవిడ బుర్రలో అప్పుడే మొదలైందని నాకేం తెలుసు?

బావగారికి మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. పెళ్ళిళ్ళ రోజుల్లో అక్కడ నిలబడడానికి చోటుండేది కాదు. బిందెలు, క్యారేజీలు, డబ్బాలు కొనుక్కుని, వాటి మీద పేర్లు కొట్టించుకుని పట్టుకెళ్ళేవారు. ఆ పేర్లు కొట్టే మిషను బావగారు ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు, ఆయన అక్షరాలు అంత గుండ్రంగా ఉండేవి. తర్వాత తర్వాత జనం ఫోన్లో చూసి కొనుక్కోవడం మొదలుపెట్టారు. పెళ్ళిలో గిన్నెలిచ్చే అలవాటూ తగ్గింది. కొట్టు మూసేశారు. మిగిలిపోయిన సరుకు మెట్లకింద గదిలోకి చేరింది. బావగారు వరండాలో కుర్చీలోకి చేరారు.

ఇకనుంచి వంట ఒక్కచోటే పెట్టుకుందామని మా ఆయన అన్నారు. ప్రేమగానే అన్నారు. "పైన ఎలాగూ వండుతున్నాం వదినగారూ, మీరు ఇద్దరే కదా."

"మీ అన్నయ్య పెందరాళే తింటారు బాబూ, మీకు కుదరదు" అని అక్కయ్య తప్పించుకుంది.

అసలు మాట నాతో డాబా మీద చెప్పింది. గుమ్మడి వడియాలు పెడుతున్నాం. తల ఎత్తకుండానే అంది. "నా పొయ్యి మీద నా సంపాదన ఉడుకుతుందేమో ఒకసారి చూసుకోనివ్వు. కుదరకపోతే నేనే మెట్లెక్కి వస్తాలే. నువ్వు పిలవక్కర్లేదు."

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ చేతి వంటని మెచ్చుకోని వాళ్ళు లేరు. మెచ్చుకోవడం తప్ప ఎవరూ ఏమీ ఇచ్చిందీ లేదు. ఆ రోజు నాకు ఒక విషయం అర్థమైంది. మా పైన ఉన్న పొయ్యి ఆవిడకి దూరమేమీ కాదు. అక్కడికి రావడమంటే ఓడిపోయి రావడం, అంతే.

తరిగిన కూర సామాను అమ్మకం మొదలుపెట్టిన రోజు కంద బచ్చలి. ఆవిడ తెలివి అక్కడే ఉంది. కంద బచ్చలి అంటే మావైపు ప్రాణం పెడతారు, కానీ వండుకునే ఇళ్ళు తగ్గిపోయాయి. కంద తరిగితే చేతులు దురద. పైగా ముగ్గురున్న ఇంటికి కంద దుంప కొంటే సగం మూలన పడి ఎండిపోతుంది, బచ్చలి కట్టలో సగం వాడిపోతుంది, ఆవాలు నూరే తీరిక ఎవరికీ లేదు. అక్కయ్య చేతులకి నూనె రాసుకుని, కత్తిపీట ముందు కూర్చుని, పాచికల్లా ఒక్క కొలతలో ముక్కలు కోసింది. బచ్చలాకు కడిగి, నీళ్ళోడ్చి, గుడ్డ మీద ఆరబెట్టింది. చింతపండు చిన్న ఉండ, పచ్చిమిరపకాయలు, అల్లం ముక్క, పోపు సామాను ఒక కాగితం పొట్లం, ఆవపిండి ఇంకో పొట్లం. ఆవ ముందే నూరి ముద్ద చేస్తే చేదెక్కుతుందని పొడిగానే ఇచ్చింది. కార్డూ గీర్డూ ఏమీ లేదు. తీసుకునే ప్రతి మనిషికీ నోటితోనే చెప్పేది: "ఆవ మాత్రం దించాక కలపండమ్మా. పొయ్యి మీద ఉండగా వేశారో, నా పేరు చెడిపోతుంది."

రోజుకి ఒకటే కూర. అందరికీ అదే. ఇది కావాలి, అది వద్దు అంటే కుదరదు. ఆ రోజు బజార్లో ఏది విరివిగా వచ్చి చవగ్గా ఉంటే అదే ఆవిడ కూర. ఏమీ మిగలదు, ఏమీ పారేయక్కర్లేదు. అందుకే ఆవిడ ధర సామాన్లన్నీ విడిగా కొనుక్కుంటే అయ్యేదాని కంటే తక్కువే పడింది. హైదరాబాదు పెట్టెలో ఉన్న ఐసు సంచీ, బొమ్మల కార్డు, మోటారుసైకిలు మీద తెచ్చే మనిషి, వీటి ఖర్చు లేదు. రోజుకొక్క కూరతో బేరం నడుస్తుందా అని నేను వాదించాను. ధర కట్టి చూశాక నోరు మూసుకున్నాను.

నాకు మిగిలిన అనుమానం వేరే. "ముక్కలు తరిగించుకుని వండుకునే ఇల్లాలు మన ఊళ్ళో ఎవరున్నారు అక్కయ్యా? సిగ్గు పడరూ?"

సిగ్గు పడ్డారు. సిగ్గు పడుతూనే వచ్చారు. ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే నర్సు ఒకావిడ డ్యూటీ దిగి వెళ్తూ మొదట వచ్చింది. ఆవిడ భర్త ఆటో తోలతాడు, ఇంట్లో ముసలి అత్తగారు. "మాలాంటి వాళ్ళకి అందుతుందాండీ ఇది?" అని గేటు దగ్గరే నిలబడి అడిగింది. ధర విన్నాక లోపలికి వచ్చింది. నేను సోషల్ చెప్పే హైస్కూల్లోని సైన్సు టీచరు ఒకరోజు మా వరండాలో నన్ను చూసి, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు అయిపోయింది. "మా ఆడపడుచు వచ్చిందండీ, టైము లేక" అంది. మర్నాడూ వచ్చింది. ఆ ఆడపడుచు నెల దాటినా వెళ్ళలేదు మరి.

చిక్కు డబ్బాల దగ్గర వచ్చింది. బజార్లో దొరికే ప్లాస్టిక్ డబ్బాలకి పెట్టిన డబ్బు మిగిలేదంతా మింగేస్తోంది. అక్కయ్య ఎవరితోనూ అనలేదు. ఒక మధ్యాహ్నం బావగారే కుర్చీలోంచి లేచి, మెట్లకింద గది తాళం తీశారు. అట్టపెట్టెల్లో అమ్ముడుపోకుండా ఉండిపోయిన క్లిప్పుల మూతల స్టీలు డబ్బాలు, బొత్తులు బొత్తులు. వాటిని కడిగి, తుడిచి, వరండాలో వరసగా బోర్లించారు. కొట్టు మూసేశాక ఆయన అంత హుషారుగా పనిచేయడం అప్పుడే చూశాను. నాకైతే కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు?

ఇక కష్టాలు గట్టెక్కాయనుకున్నాం. అప్పుడే మా ఊరి మర్యాద మా మీద పడింది.

మావైపు ఎవరింటి గిన్నె వస్తే వాళ్ళకి ఖాళీగా తిరిగి పంపరు. ఏదో ఒకటి వేసి పంపుతారు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదార అయినా వేస్తారు. ప్లాస్టిక్ డబ్బా అయితే ఎవరికీ ఏమీ గుర్తు రాలేదు. స్టీలు డబ్బా చేతిలోకి రాగానే అందరికీ వాళ్ళ అమ్మా, అత్తగారూ గుర్తొచ్చారు. మర్నాడు సైన్సు టీచరు డబ్బా తెచ్చిస్తే బరువుగా ఉంది. తీసి చూస్తే నిమ్మకాయలు. తర్వాత బ్యాంకులో పనిచేసే ఆవిడ కొబ్బరిచిప్ప పెట్టింది. ఇంకొకరు జామకాయలు, ఇంకొకరు సన్నజాజులు. డబ్బాలో పట్టని ములక్కాడలు మూత మీద కట్టి తెచ్చారు. నర్సు వాళ్ళాయన ఆటోలో ఆత్రేయపురం దాకా ఎవరినో దింపి వచ్చాడట, డబ్బాలో రెండు పూతరేకులు వచ్చాయి.

పూతరేకులు పంపిన మనిషి దగ్గర కూర డబ్బులు ఎలా తీసుకుంటారు చెప్పండి? అక్కయ్య తీసుకోలేకపోయింది.

"ఉంచండమ్మా, ఈ పూటకి ఉండనివ్వండి" అంటూ ఆవిడ చెయ్యి వెనక్కి తోసేది.

"అయ్యో, అదేంటండీ, తీసుకోండి" అంటూ వాళ్ళు ముందుకి తోసేవారు.

గేటు దగ్గర రోజూ ఇదే తోపులాట. చివరికి మొహమాటమే గెలిచేది. డబ్బులివ్వలేదన్న బాధతో మర్నాడు ఇంకా ఎక్కువ పెట్టి పంపేవారు, అక్కయ్య ఇంకా ముడుచుకుపోయేది. అమ్మకం కాస్తా పేరంటం అయిపోయింది. ఇల్లంతా నిమ్మకాయలు, చేతిలో మాత్రం బజారుకి వెళ్ళడానికి డబ్బు లేదు.

బావగారికి ఒక ఉపాయం తోచింది. పాత మిషను బయటికి తీసి, దుమ్ము దులిపి, ప్రతి మూత మీదా తన గుండ్రటి అక్షరాలతో 'ఖాళీగా పంపండి' అని కొట్టారు. పనంతా ఎంతో దర్జాగా చేశారు. ఆ మూతలు చూసి జనం మురిసిపోయారు. "మీరు అలాగే అంటారండీ, మేం అలా పంపగలమా?" అని ఈసారి చక్కెరకేళి అరటిపళ్ళు పెట్టి పంపారు.

నాకు ఒళ్ళు మండింది. బజారు ఖర్చు, వచ్చినదీ వేళ్ళ మీదే లెక్కేసుకుని కిందకి వెళ్ళాను. "ఈ నిమ్మకాయలతో పొయ్యి వెలుగుతుందా అక్కయ్యా? ఇలాగే సాగితే మీరు మెట్లెక్కి రావలసిందే" అనేశాను. నోరు జారాక నాలిక కరుచుకున్నాను.

ఆవిడ కోపగించుకోలేదు. కత్తిపీట మీద దృష్టి తీయకుండా, "ఎక్కడం నాకు రాకపోదులే" అంది. దొండకాయలు అడ్డంగా, చక్రాల్లా కోస్తూనే ఉంది. ఆ మాటకి నేను రాత్రి అన్నం సరిగ్గా తినలేకపోయాను.

ఈలోగా నర్సు రావడం మానేసింది. మొదట వచ్చిన మనిషి, డ్యూటీ ఉన్న రోజు తప్పకుండా వచ్చే మనిషి. కూరలో ఏదైనా తేడా వచ్చిందా అని అక్కయ్య మథనపడింది. ఆసుపత్రి మా స్కూలుకి వెళ్ళే దారిలోనే. ఒక సాయంత్రం ఆవిడ కనిపిస్తే ఆపి అడిగాను.

"కూరకేం అండీ, మా అత్తగారు ఇప్పటికీ ఆ కంద బచ్చలే తలుచుకుంటారు" అంది. తర్వాత నేల చూపులు చూసింది. "డబ్బాలో పెట్టడానికి ఇంట్లో ఏమీ ఉండటం లేదండీ. అందరూ అన్నేసి పెడుతున్నారు. ఆవిడేమో డబ్బు పుచ్చుకోరు. ఊరికే తినడానికి ఎలా వస్తాం చెప్పండి? డబ్బా కడిగి పెట్టాను, రేపు ఎవరిచేతైనా పంపిస్తానండీ."

హైదరాబాదు పెట్టె ధరని మాలాంటి ఇళ్ళు అందుకోలేవని లెక్కలు కట్టిన మనిషిని నేను. అక్కయ్య కూర ధర అందరికీ అందింది. దానికి బదులుగా చూపించాల్సిన మర్యాదే నర్సుకి అందలేదు.

ఆ మాట ఉన్నదున్నట్టు అక్కయ్యకి చెప్పాను. ఆవిడ విని, చేతిలో ఉన్న దొండకాయని పళ్ళెంలో పెట్టేసింది. "పిచ్చిపిల్ల" అంది. ఆ నర్సుని అందో, తనని తాను అనుకుందో నాకు తెలియలేదు.

మర్నాడు సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆవిడ వరండాలోకి వచ్చి నిలబడి ఉంది. ఎప్పుడూ గుమ్మంలోనే ఉండి డబ్బాలు అందించే మనిషి. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెప్పింది.

"గిన్నె ఖాళీగా పంపకూడదన్న మాట నిజమేనమ్మా, నేనూ అలా పెరిగినదాన్నే. రేపటినుంచి డబ్బాలో కూర డబ్బులు వేసి మూత పెట్టి తెండి. అది ఉంటే డబ్బా ఖాళీ కానట్టే. ఇంకేం పెట్టకండి. పెట్టారా, మర్నాడు కూర ఇవ్వను."

చివరి మాట నవ్వుతూ చెప్పినా, ఇవ్వదని అందరికీ అర్థమైంది. నర్సు ఇంటికి మాత్రం బావగారి చేత పనిగట్టుకుని కబురు పంపింది.

చిత్రంగా ఆ ఒక్క మాటతో తోపులాట ఆగిపోయింది. చేతిలోంచి చేతిలోకి డబ్బు వెళ్ళడం లేదు కాబట్టి ఇచ్చేవాళ్ళకీ మొహమాటం లేదు, పుచ్చుకునే ఆవిడకీ లేదు. డబ్బా వస్తుంది, ఆవిడ లోపలికి తీసుకెళ్ళి మూత తీస్తుంది, ఇంకో డబ్బా వెళ్తుంది. నర్సు మళ్ళీ వచ్చింది. ఆవిడ తెచ్చిన డబ్బాలో సరిగ్గా కూర డబ్బులు, అంతే. ఎవరి డబ్బాకీ తీసిపోని డబ్బా. ఆ రోజు ఆవిడ గేటు దగ్గర ఆగకుండా నేరుగా వరండాలోకి వచ్చింది.

మర్యాదని కాదనకుండానే దానిచేత బేరం చేయించిన మనిషి మా అక్కయ్య. నేనైతే ఒక్కొక్కరితో పోట్లాడి, సగం ఊరిని దూరం చేసుకుని ఉండేదాన్ని. 'ఖాళీగా పంపండి' అన్న మూతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చెరిపేస్తానని బావగారంటే ఆవిడే వద్దంది. "అక్షరాలు బాగున్నాయి, ఉండనివ్వండి" అంది. ఆయన ఆ మెచ్చుకోలుతో రెండు రోజులు గడిపేశారు.

ఇక మిగిలింది నేను. ఊరందరికీ అమ్ముతూ అక్కయ్య మాకు మాత్రం ఊరికే పంపేది. నేను గిన్నెలో పెరుగో, పచ్చడో వేసి తిరిగి ఇచ్చేదాన్ని. చాలా రోజులు దాని గురించి ఆలోచించలేదు. ఒక సాయంత్రం అరటిపువ్వు కూరకి సామాను వచ్చింది. పువ్వు దొప్పలు వలిచి, ప్రతి చిన్న పువ్వులోంచీ 'దొంగ' అనే ఉడకని కాడ తీసి, సన్నగా తరిగి, పసుపు వేసిన మజ్జిగలో ఉంచిన పని అది. చేసి చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఆ డబ్బా చేతిలో పట్టుకుంటే, ఊళ్ళో ఈ పని ఊరికే చేయించుకుంటున్నది నేనొక్కదాన్నేనని తట్టింది.

మర్నాడు డబ్బా కడిగి, తుడిచి, అందులో నోటు వేశాను. అలవాటు కొద్దీ ఇంకో చెయ్యి నిమ్మకాయల బుట్ట వైపు వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. మూత పెట్టి, కిందకి వెళ్ళి, అందరి డబ్బాల మధ్యా పెట్టేసి, ఏమీ ఎరగనట్టు పైకి వచ్చేశాను. సొంత మనిషిని పరాయిదాన్ని చేశావా అని ఆవిడ బాధపడితే?

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. అక్కయ్య అడుగులే. పనుంటే కిందనుంచే కేకేస్తుంది తప్ప ఆవిడ పైకి రాదు. కుదరకపోతే నేనే మెట్లెక్కి వస్తాలే అన్న మాట చెవిలో మోగింది. ఎందుకు చేశానురా భగవంతుడా అనుకుంటూ తలుపు దగ్గరకి వెళ్ళాను.

ఆవిడ పై మెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకుని, చీర చెంగు ముడి విప్పింది.

"పెద్ద నోటు వేశావేంటే? డబ్బా తీసేసరికి నా దగ్గర చిల్లర లేదు. ఇదిగో" అని చెయ్యి చాపింది. మొహంలో బాధ లేదు. నేనెప్పుడూ చూడని దర్జా ఒకటి ఉంది, కొట్టు మంచిగా నడిచిన రోజుల్లో బావగారికి ఉండేలాంటిది.

ఉంచండి అక్కయ్యా, మన మధ్య చిల్లరేమిటి అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మావైపు పెంపకం అది నేర్పింది మరి. దాన్ని మింగేసి, చెయ్యి చాపి, ఆ చిల్లర తీసుకున్నాను.

"రేపు పనసపొట్టు. కావాలా?" అంది.

"కావాలి" అన్నాను.

"అయితే డబ్బా పొద్దున్నే పంపు" అని చెప్పి, చెంగు ముడి వేసుకుంటూ, మెట్లు దిగి తన పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.